కెల్టిక్ హార్ప్

ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతాల చిన్న హార్ప్‌లన్నిటినీ కలిపి నేడు కెల్టిక్ హార్ప్ అంటున్నారు. ఐరిష్‌లో దీన్ని క్లార్షఖ్ అనీ, స్కాట్లండ్ గేలిక్‌లో క్లార్సఖ్ అనీ, వెల్ష్‌లో తెలిన్ అనీ, బ్రెటన్‌లో తెలెన్ అనీ పిలుస్తారు. ఉమ్మడి పేరు ఇరవయ్యో శతాబ్దంలో బాగా ప్రచారమైంది గాని, దాని కింద చేరిన వాద్యాల చరిత్రలు ఒకటి కావు. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో ఒకప్పుడు ఇది లోహపు తీగల వాద్యం. వేల్స్‌లో పాత హార్ప్‌లకు గుర్రపు వెంట్రుకలు పేనిన తీగలు ఉండేవి. బ్రిటనీలో మధ్యయుగాల తర్వాత ఆ వాద్యమే కనుమరుగైంది. ఆధారాలు ఎక్కువగా దొరికేది ఐర్లండ్ హార్ప్‌కు. ఒక దేశానికి చిహ్నంగా వెలుగుతూనే వాయించేవారు లేక అంతరించే దాకా వెళ్లిందీ అదే. అందువల్ల ఈ వ్యాసంలో దానికే పెద్దపీట.

నిర్మాణం, వాదనం

హార్ప్‌లో మూడు ప్రధాన భాగాలు ఉంటాయి. వాదకుడి వైపు ఏటవాలుగా ఉండేది నాదపేటిక. దాని పైకొన నుంచి ముందుకు సాగేది మెడ. ఈ రెండింటి కొనలను కలుపుతూ ముందు వైపు నిలబడేది స్తంభం. తీగలు మెడకు బిగించిన లోహపు బిరడాల నుంచి నాదపేటిక నడుమ ఉన్న పట్టీలోకి దిగుతాయి. ఒక్కో తీగ ఒక్కో స్వరం పలుకుతుంది. వీణకు ఉన్నట్టు మెట్లు ఉండవు కాబట్టి ఎన్ని స్వరాలు కావాలంటే అన్ని తీగలు కట్టవలసిందే.

అమరావతి స్తూప శిల్పాలలో స్త్రీలు ఒడిలో పెట్టుకుని వాయిస్తున్న విల్లు ఆకారపు ప్రాచీన వీణ కూడా హార్ప్ జాతిదే. దానికి ముందు స్తంభం లేదు. ఐరోపా హార్ప్‌ను ఆసియా, ఆఫ్రికాల పాత హార్ప్‌ల నుంచి వేరు చేసేది ఈ స్తంభమే. తీగలు లాగే బలానికి మెడ వంగిపోకుండా అది అడ్డుకుంటుంది. దానివల్ల తీగలను మరింత బిగించి కట్టగలిగారు.

ఐర్లండ్, స్కాట్లండ్‌ల పాత గేలిక్ హార్ప్ బరువైన వాద్యం. దాని నాదపేటికను పలకలు అతికించి చేసేవారు కాదు. ఒకే మొద్దును, సాధారణంగా విల్లో కర్రను, వెనుక నుంచి తొలిచి ఆ గుల్లకు వెనుక పలక బిగించేవారు. స్తంభం బయటికి వంపు తిరిగి ఉండేది. మెడకు, స్తంభానికి, పేటికకు మధ్య కీళ్లను జిగురుతో అతికించేవారు కాదు. గాడిలో కొయ్యనాలుకను దూరిస్తే తీగల బిగువే వాటిని పట్టి ఉంచేది. తీగలు నాదపేటికలోకి దిగే రంధ్రాల చుట్టూ కర్ర కోసుకుపోకుండా లాడం ఆకారంలో లోహపు తొడుగులు అమర్చేవారు. సుమారు ముప్పై తీగలు, ఎక్కువగా ఇత్తడివి, ఉండేవి.

వాయించే పద్ధతి కూడా నేటి హార్ప్‌కు భిన్నం. వాద్యాన్ని ఎడమ భుజానికి ఆనించి, ఎడమచేతితో తారస్థాయి తీగలనూ కుడిచేతితో మంద్రస్థాయి తీగలనూ మీటేవారు. నేటి వాదకులు కుడి భుజానికి ఆనిస్తారు. చేతుల పని తారుమారవుతుంది. పాతవారు వేలి కొసతో కాక పెంచుకున్న గోళ్లతో మీటేవారు. ఇత్తడి తీగను గోరుతో మీటితే గంట మోగినట్టు స్ఫుటమైన నాదం పుట్టి చాలాసేపు నిలుస్తుంది. నిలిచే నాదం ఒక వరం, ఒక చిక్కు కూడా. ముందు స్వరం ఆగకముందే తర్వాతి స్వరం వస్తే రెండూ కలగాపులగమవుతాయి. కాబట్టి ఏ తీగను ఎప్పుడు మీటాలో ఎంత నేర్చుకోవాలో, మోగుతున్న ఏ తీగను ఏ వేలితో ఎప్పుడు ఆపాలో అంతే నేర్చుకోవాలి. ఈ ఆపే విద్య పోతే గేలిక్ హార్ప్ సంగీతంలో సగం పోయినట్టే. తీగల వరుస నడుమ ఒకే స్వరానికి శ్రుతి చేసిన రెండు పక్క తీగలు ఉండేవి. వాటిని అక్కాచెల్లెళ్లు అనేవారు. శ్రుతి చేయడం అక్కడే మొదలయ్యేది.

నేడు ఎక్కువగా కనిపించేది లీవర్ హార్ప్. సుమారు 34 తీగలుంటాయి. అవి నైలాన్‌వి గాని, జంతువుల పేగులతో చేసినవి గాని, కార్బన్‌వి గాని కావచ్చు. ప్రతి తీగ పైకొనలో ఉన్న చిన్న లీవర్ ఎత్తితే తీగ శ్రుతి అర్ధస్వరం పెరుగుతుంది. పాశ్చాత్య వాద్యబృందాలలో కనిపించే 47 తీగల పెడల్ హార్ప్‌లో ఇదే పనిని ఏడు పెడళ్లు చేస్తాయి.

మిగిలిన పాత వాద్యాలు

మధ్యయుగపు గేలిక్ హార్ప్‌లలో మూడు మాత్రమే మిగిలాయి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ గ్రంథాలయంలో ఒకటి, ఎడింబరో జాతీయ మ్యూజియంలో రెండు ఉన్నాయి. ఎడింబరోలోని రెండింటి పేర్లు క్వీన్ మేరీ హార్ప్, లామాంట్ హార్ప్. మూడింటి ఎత్తూ మీటరు లోపే. ట్రినిటీ హార్ప్‌ను ప్రజలు బ్రయన్ బోరు హార్ప్ అంటారు. బ్రయన్ బోరు 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించిన ఐరిష్ రాజు. వాద్యం మాత్రం పద్నాలుగో శతాబ్దానికో పదిహేనో శతాబ్దానికో చెందినది. పేరు చరిత్ర ఇచ్చింది కాదు, అభిమానం ఇచ్చింది. 1969లో ఈ హార్ప్ దొంగతనానికి గురై తర్వాత తిరిగి దొరికింది.

పుట్టుక, ఆదరణ

స్తంభం ఉన్న త్రిభుజాకార హార్ప్‌ల తొలి బొమ్మలలో కొన్ని స్కాట్లండ్‌లో పిక్ట్ జాతివారు చెక్కిన శిలలపై కనిపిస్తాయి. నిగ్ శిల, డప్లిన్ శిలువ వంటి వీటిని ఎనిమిది, తొమ్మిది శతాబ్దాలవిగా లెక్కిస్తారు. ఐర్లండ్‌లో అంతకుముందు లైర్ తరహా తంత్రీవాద్యాలు ఉండేవి. త్రిభుజాకారం అక్కడే పుట్టిందా, స్కాట్లండ్ నుంచి వచ్చిందా అన్నది పండితుల మధ్య తేలని చర్చ. పన్నెండో శతాబ్దం నాటికి మాత్రం ఐరిష్ వాదకుల పేరు బయటి దేశాలకు పాకింది. 1180ల చివర ఐర్లండ్ గురించి పుస్తకం రాసిన వేల్స్ మతాచార్యుడు జెరాల్డ్‌కు ఆ దేశ ప్రజలంటే పెద్ద గౌరవం లేదు. అయినా వాళ్ల వాద్య నైపుణ్యాన్ని, వేగంలోనూ తప్పని లయను మనసారా మెచ్చుకున్నాడు. విమర్శకుడి నోట వచ్చింది కాబట్టి ఆ మెప్పుకు విలువ ఎక్కువ. ఖగోళ శాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి, సంగీత పండితుడు విన్చెంజో గెలీలీ 1581లో అచ్చయిన గ్రంథంలో హార్ప్ ఐర్లండ్ నుంచే ఇటలీకి వచ్చిందని రాశాడు.

గేలిక్ సమాజంలో హార్ప్ కచేరీ వాద్యం కాదు, ఆస్థాన వాద్యం. దొర ఘనతను కీర్తిస్తూ కవి పద్యం అల్లేవాడు. దాన్ని సభలో చదివేవాడు వేరొకడు. చదువుతుంటే హార్ప్ వాదకుడు తోడు వాయించేవాడు. కవిత్వం, వాచకం, వాద్యం ముగ్గురి మధ్య పంచుకున్న ఒకే కొలువు అది. పాత ఐరిష్ ధర్మశాస్త్రాల ప్రకారం వినోదం పంచే కళాకారులలో హార్ప్ వాదకుడికి మాత్రమే స్వతంత్రమైన హోదా ఉండేది. మిగతావారి గౌరవం వాళ్లను పోషించే యజమానిని బట్టి ఉండేది.

సంగీతం ఏం చేయాలో చెప్పే పురాణకథ కూడా ఉంది. దగ్దా అనే దేవుడి హార్ప్‌ను శత్రువులు ఎత్తుకుపోతారు. అతడు వాళ్ల విందుశాలలోకి వెళ్లి పిలవగానే గోడకు వేలాడుతున్న వాద్యం అతడి చేతిలోకి వచ్చి వాలుతుంది. అతడు మూడు రాగధోరణులు వాయిస్తాడు. మొదటిదానికి అక్కడి స్త్రీలు ఏడుస్తారు, రెండోదానికి స్త్రీలూ పిల్లలూ నవ్వుతారు, మూడోదానికి సేనంతా నిద్రపోతుంది. ఈ మూడింటినీ వాయించగలిగినవాడే సిద్ధుడని గేలిక్ సంప్రదాయం నమ్మింది.

ఆస్థానాలు కూలిన తర్వాత

1366 నాటి కిల్కెన్నీ శాసనాలు ఐర్లండ్‌లో స్థిరపడిన ఇంగ్లీషువారు ఐరిష్ కవులను, గాయకులను, హార్ప్ వాదకులను తమ మధ్యకు రానివ్వకుండా నిషేధించాయి. ఆ నిషేధం పెద్దగా సాగలేదు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1601లో కిన్సేల్ యుద్ధంలో గేలిక్ దొరలు ఓడిపోయారు. 1607లో ఉత్తర ప్రాంతపు ప్రధాన దొరలు దేశం విడిచి వెళ్లారు. ఆ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సేనలు మిగిలిన భూస్వామ్యాన్ని చెదరగొట్టాయి. పోషించే కొలువు లేకపోతే అక్కడి వాదకుడు బతికేదెలా? అతడు గుర్రమెక్కి ఊరూరా తిరిగాడు. గేలిక్ ఇళ్లతో పాటు కొత్తగా భూములు పొందిన ఇంగ్లీషు కుటుంబాల ఇళ్లలోనూ విడిది చేసి, ఆతిథ్యానికి బదులుగా పాట కట్టి ఇచ్చాడు. మశూచితో చూపు పోయిన పిల్లలకు హార్ప్ నేర్పించడం అప్పటి ఆచారం. అది దయతో పాటు బతుకుతెరువు కూడా.

ఇలాంటి సంచార వాదకులలో అందరికన్నా ప్రసిద్ధుడు టర్లో ఓ కారొలన్ (1670–1738). మీత్ కౌంటీలో నాబర్ సమీపంలో పుట్టాడు. కుటుంబం రాస్‌కామన్‌కు వలస వెళ్లింది. అక్కడ ఆల్డర్‌ఫర్డ్‌లో మెక్‌డెర్మట్ రో కుటుంబం అతణ్ని చేరదీసింది. పద్దెనిమిదో ఏట మశూచి చూపు తీసుకెళ్లింది. ఆ ఇంటి ఇల్లాలు మూడేళ్లు హార్ప్ నేర్పించి, ఇరవై ఒకటో ఏట ఒక గుర్రాన్ని, దారి చూపే మనిషిని ఇచ్చి పంపింది. ఆలస్యంగా నేర్చినందువల్ల వాదనంలో అతణ్ని అగ్రగణ్యుడిగా ఎవరూ లెక్కించలేదు. ఆతిథ్యమిచ్చిన ఒక దొర సొంతంగా ఏదైనా కట్టి చూడమన్నాడు. అలా పుట్టిన తొలి రచన ‘షీ వేగ్, షీ వోర్’ ఇప్పటికీ ప్రపంచమంతటా హార్ప్ విద్యార్థులు నేర్చుకునే తొలి పాఠాలలో ఒకటి.

కారొలన్ రచనలు రెండు వందలకు పైగా మిగిలాయి. చాలావాటికి ఆదరించిన కుటుంబాల పేర్లే పేర్లు. ముందు వరుస కట్టి ఆ తర్వాత మాటలు పొదగడం అతడి పద్ధతి. కవిత్వం ముందు నడిచే పాత ఆస్థాన సంప్రదాయానికి ఇది తలకిందులు. డబ్లిన్‌లో అప్పుడు వినిపిస్తున్న కొరెల్లీ తదితర ఇటాలియన్ స్వరకర్తల ప్రభావం ‘కారొలన్ కన్సర్టో’ వంటి రచనల్లో తేటగా వినిపిస్తుంది. దాన్ని అనుకరణ అని తీసిపారేయడం సరికాదు. పాత గేలిక్ శైలి, గ్రామీణ నృత్య వరుసలు, ఇటాలియన్ బాణీ ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు పుట్టిన సంగీతం అది. అయితే అతడి వరుసలు ఒంటి స్వరపంక్తిగానే మనకు అందాయి. కుడిచేయి మంద్రంలో ఏం వాయించేదో రాసిపెట్టినవారు లేరు. నేడు వినిపించే ప్రతి కారొలన్ కచేరీలోనూ ఆ సగం ఇప్పటి వాదకుల ఊహే.

బెల్ఫాస్ట్, 1792

పద్దెనిమిదో శతాబ్దం చివరికి హార్ప్ వాదకులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది అయ్యారు. 1792 జూలైలో బెల్ఫాస్ట్ పట్టణంలో కొందరు విద్యావంతులు, వైద్యుడు జేమ్స్ మెక్‌డొనెల్ ముందుండి, చందాలు వేసి దేశంలో మిగిలిన వాదకులందరినీ బహుమతుల పిలుపుతో సమావేశపరిచారు. వచ్చినవారు పదిమంది ఐరిష్ వాదకులు, వేల్స్ నుంచి ఒకరు. ఐరిష్ వాదకులలో ఆరుగురు అంధులు. రోజ్ మూనీ ఒక్కతే స్త్రీ. మొదటి బహుమతి చార్లెస్ ఫ్యానింగ్‌కు దక్కింది.

వారిలో డెనిస్ హెంప్సన్ వయసు అప్పటికి తొంభై ఏడు. మూడో ఏట మశూచితో చూపు పోయింది. పన్నెండో ఏట హార్ప్ పట్టాడు. తొలి గురువు ఒక స్త్రీ, బ్రిజెట్ ఓ కాహన్. పాత పద్ధతిలో పొడవాటి గోళ్లతో ఇత్తడి తీగలను మీటినవాడు ఆ సభ మొత్తంలో అతడొక్కడే. మిగతావారు అప్పటికే వేలి కొసతో వాయిస్తున్నారు. పాత వరుసలు అడిగితే ఇష్టంగా వాయించేవాడు కాదట. అతడు 1807లో మరణించాడు. 1702లో కార్మాక్ ఓ కెలీ చేసిన అతడి వాద్యాన్ని డౌన్‌హిల్ హార్ప్ అంటారు. అది డబ్లిన్‌లో గిన్నిస్ బీరు సంస్థ దగ్గర భద్రంగా ఉంది.

వాదకులు వాయించినదాన్ని రాసే పని పందొమ్మిదేళ్ల చర్చి ఆర్గన్ వాదకుడు ఎడ్వర్డ్ బంటింగ్‌కు అప్పగించారు. ఒక్క స్వరం కూడా మార్చకుండా రాయమని నిర్వాహకులు చెప్పారు. ఆ నాలుగు రోజుల పని అతడి జీవితాంతపు పనైంది. తర్వాత ఊళ్లు తిరిగి మరిన్ని వరుసలు సేకరించాడు, హెంప్సన్‌ను ఇంటికి వెళ్లి విన్నాడు, ఐరిష్ పాటల మాటలు రాసుకు రావడానికి ప్యాట్రిక్ లించ్‌ను పంపించాడు. 1796, 1809, 1840లలో మూడు సంపుటాలు వెలువరించాడు. మొదటి సంపుటిలో 66 వరుసలు ఉన్నాయి. అచ్చులో మాత్రం వాటిని పియానోకు తగ్గట్టు మార్చాడు. హార్ప్‌పై లేని మంద్రస్వరాలు చేర్చాడు. కొనుగోలుదారులు మధ్యతరగతి ఇళ్లలో పియానో నేర్చుకునే ఆడపిల్లలు కాబట్టి అది అర్థం చేసుకోదగినదే. సంపుటాలకన్నా విలువైనవి అతడి చిత్తుప్రతులు. వాయిస్తుంటే విని గబగబా గీసిన ఆ కాగితాలు బెల్ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో ఉన్నాయి. మౌఖికంగా చేతి నుంచి చేతికి సాగిన ఒక విద్య ఆగిపోయే వేళ దాన్ని కాగితంపై పట్టుకున్న ఆధారం ఇంతకు మించినది మరొకటి లేదు. థామస్ మూర్ ఇంగ్లీషులో రాసిన ‘ఐరిష్ మెలొడీస్’ పాటలలో చాలావాటి వరుసలు బంటింగ్ సంపుటాల నుంచి తీసుకున్నవే.

1808లో బెల్ఫాస్ట్‌లో అంధ బాలలకు హార్ప్ నేర్పే సంఘం ఏర్పడి కొన్నేళ్లకే నిధులు లేక మూతపడింది. 1819లో దాన్ని మళ్లీ నిలబెట్టిన డబ్బు భారతదేశం నుంచి వెళ్లింది. బెంగాల్‌లో కొలువులు చేస్తున్న ఐరిష్‌వారు చందాలు పోగుచేసి పంపారు. ఆ డబ్బుతో పాఠశాల 1839 వరకు నడిచింది. శిక్షణ పొందిన పిల్లలకు ఆదరించే ఇళ్లు లేవు. ఆ శతాబ్దం ముగిసేలోగా గోళ్లతో లోహపు తీగలు మీటే విద్య ఐర్లండ్‌లో అంతరించింది. ఈలోగా డబ్లిన్‌లో జాన్ ఈగన్ పేగు తీగలతో, ఆకుపచ్చ రంగుపై బంగారు పూత పువ్వులతో చిన్న హార్ప్‌లు తయారుచేసి సంపన్న ఇళ్లకు అమ్మాడు. నేటి ఐరిష్ లీవర్ హార్ప్ వంశం క్లార్షఖ్ నుంచి కాక ఈగన్ వాద్యం నుంచి మొదలవుతుంది.

చిహ్నం

వాద్యం చిక్కిపోతున్నకొద్దీ దాని బొమ్మ పెరిగింది. ఎనిమిదో హెన్రీ 1530లలో ఐర్లండ్ కోసం ముద్రించిన నాణేలపై హార్ప్ వేయించాడు. 1603 తర్వాత అది బ్రిటిష్ రాజచిహ్నంలోకి చేరింది. ఇప్పటికీ అందులో ఉంది. పాలకుడి చిహ్నాన్నే తిరుగుబాటుదారులూ తీసుకున్నారు. 1791లో బెల్ఫాస్ట్‌లో ఏర్పడిన యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం హార్ప్‌ను తమ ముద్రగా ఎంచుకుంది. 1792 సభ జరిగిన రోజుల్లోనే ఆ పట్టణంలో ఫ్రెంచి విప్లవ వార్షికోత్సవం కూడా జరిగింది. గిన్నిస్ బీరు సంస్థ 1862లో హార్ప్‌ను తన లేబుల్‌పై వేసి, 1876లో వ్యాపార చిహ్నంగా నమోదు చేసింది. 1922లో స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం ట్రినిటీ హార్ప్ నమూనాతో ముద్ర తయారుచేసుకున్నప్పుడు బొమ్మ గిన్నిస్ హార్ప్‌కు ఎదురు దిశలో ఉండేలా చూసుకుంది. నేడు ఐర్లండ్ అధికార చిహ్నంలో, పాస్‌పోర్టుపై, యూరో నాణేలపై ఉన్నది అదే వాద్యం. ఒక దేశం సంగీత వాద్యాన్ని తన అధికారిక చిహ్నం చేసుకోవడం ప్రపంచంలో మహా అరుదు.

స్కాట్లండ్, వేల్స్, బ్రిటనీ

స్కాట్లండ్ పర్వత ప్రాంతాల వంశనాయకులు కూడా హార్ప్ వాదకులను పోషించారు. చివరివారిలో పేరున్నవాడు డన్‌వేగన్ మెక్‌లాడ్ నాయకుల ఆస్థానంలో ఉన్న అంధ వాదకుడు, కవి రోరీ మోరిసన్. పద్దెనిమిదో శతాబ్దంలో బ్యాగ్‌పైప్, ఫిడిల్ దాని స్థానం ఆక్రమించాయి. 1890లలో గేలిక్ సంగీతోత్సవాలతో పాటు కొత్త క్లార్సఖ్‌ల తయారీ మొదలైంది. 1931లో ఏర్పడిన క్లార్సఖ్ సంఘం నేటికీ పనిచేస్తోంది.

వేల్స్ కథ వేరు, మరింత ఆశాజనకం. అక్కడ హార్ప్ పూర్తిగా ఎప్పుడూ ఆగలేదు. 1176లో కార్డిగన్‌లో వెల్ష్ పాలకుడు లార్డ్ రీస్ నిర్వహించిన సభలో కవిత్వానికి, సంగీతానికి విడివిడిగా పోటీలు జరిగాయి. నేటి ఐస్టెడ్‌ఫాడ్ ఉత్సవాలు తమ మూలాన్ని అక్కడే చూసుకుంటాయి. 1613 ప్రాంతంలో రాబర్ట్ ఆప్ హ్యూ రాసిన ప్రతిలో మధ్యయుగపు వెల్ష్ హార్ప్ సంగీతం సంకేతలిపిలో మిగిలింది. తర్వాత ఇటలీ నుంచి వచ్చిన మూడు వరుసల తీగల హార్ప్‌ను వేల్స్ తన జాతీయ వాద్యంగా చేసుకుంది. ఇందులో బయటి రెండు వరుసలు ఒకే స్వరాలు పలికితే నడిమి వరుస అర్ధస్వరాలు ఇస్తుంది. మెథడిస్ట్ మతోద్యమం నృత్యాన్నీ వాద్యాన్నీ పాపమని నిరసించిన కాలంలో ఆ విద్యను నిలిపినవారిలో రోమా కుటుంబాలు ముఖ్యులు. భారత ఉపఖండం నుంచి వలస వెళ్లిన జాతి సంతతి అయిన అబ్రామ్ వుడ్ వంశంవారు తరతరాలుగా హార్ప్ వాదకులు. వారి బాణీ నాన్సీ రిచర్డ్స్ (1888–1979) ద్వారా ఇరవయ్యో శతాబ్దానికి అందింది. హార్ప్ ఒక వరుస వాయిస్తుంటే గాయకుడు వేరే వరుసలో పద్యం అల్లుకుంటూ రెండూ ఒకేసారి ముగించే ‘కెర్ద్ దాంత్’ గానం వేల్స్‌కు మాత్రమే చెందిన కళ.

బ్రిటనీలో పునరుద్ధరణ ఒక ఇంట్లో మొదలైంది. జార్డ్ కోషెవెలూ పాత వాద్యాలను అధ్యయనం చేసి 1953లో ఒక హార్ప్ తయారుచేశాడు. దాన్ని వాయించిన తొమ్మిదేళ్ల కొడుకే తర్వాత అలన్ స్టివెల్‌గా ప్రసిద్ధుడయ్యాడు. 1971 నాటి అతడి ‘రెనెసాన్స్ ద లా హార్ప్ సెల్టిక్’ ఆల్బమ్, మరుసటి ఏడు పారిస్ ఒలింపియా కచేరీ ఈ వాద్యాన్ని యువతరం చెవుల్లో వేశాయి. కెల్టిక్ హార్ప్ అనే పేరు ప్రపంచవ్యాప్తం కావడంలో ఎక్కువ పాత్ర అతడిదే.

ఇరవయ్యో శతాబ్దంలో ఐర్లండ్

ఐర్లండ్‌లో హార్ప్‌ను నిలిపినవి క్రైస్తవ సన్యాసినుల పాఠశాలలు. పాటకు తోడుగా మృదువుగా వాయించే శైలి అక్కడి ఆడపిల్లల ద్వారా సాగింది; 1950లలో గాయని మేరీ ఓ హారా ఆ శైలికి పేరు తెచ్చింది. 1960లో హార్ప్ మిత్రుల సంఘం కార్జ నా క్రుచ్ ఏర్పడింది. అదే కాలంలో స్వరకర్త షాన్ ఓ రియాడా కారొలన్ రచనలను సంప్రదాయ వాద్యబృందంతో వినిపించాడు. పేగు తీగల హార్ప్‌కన్నా హార్ప్సికార్డ్ ధ్వనే పాత ఇత్తడి తీగలకు దగ్గరని భావించి అతడు దాన్నే వాయించాడు. డెరెక్ బెల్ చీఫ్‌టన్స్ బృందంతో ఖండాంతరాలకు హార్ప్‌ను తీసుకెళ్లాడు. మాయర నీ ఖాహసీ నృత్య వరుసలను లీవర్ హార్ప్‌పై వేగంగా, అలంకారాలతో వాయించే పద్ధతి రూపొందించి పాటకు తోడు వాద్యంగా ఉన్నదాన్ని స్వతంత్ర వాద్యం చేసింది.

లోహపు తీగలకు గోళ్లతో ప్రాణం పోసే ప్రయత్నం వేరుగా సాగింది. గ్రాన్యా యేట్స్ ఐర్లండ్‌లో, ఆన్ హేమన్ అమెరికాలో బంటింగ్ కాగితాలను ముందు పెట్టుకుని, ఏ తీగను ఎప్పుడు ఆపాలో వేళ్లతో వెతికి తెలుసుకున్నారు. ఐర్లండ్ చారిత్రక హార్ప్ సంఘం కిల్కెన్నీలో ఏటా వేసవి పాఠశాల నడుపుతోంది. పాత వాద్యాల కొలతలతో చేసిన నమూనాలపై అక్కడ నేర్పుతారు. ఐరిష్ హార్ప్ వాదనాన్ని యునెస్కో 2019లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు లీవర్ హార్ప్ వాదకులకూ లోహపు తీగల వాదకులకూ, వాద్యాలు తయారుచేసేవారికీ సమానంగా వర్తిస్తుంది.